ట్రేడింగ్‌లో మీరు నిజంగా ఎదుగుతున్నారా? లెక్క కట్టుకునే పద్ధతి

భీమవరం, పాలకొల్లు, అమలాపురం... ఏ ఊళ్ళో చూసినా పొద్దున్న తొమ్మిదింపావు అయ్యేసరికి ఫోన్లో చార్టు తెరిచి కూర్చునేవాళ్ళు ఇప్పుడు చాలామంది ఉన్నారు. "ఎలా సాగుతోంది?" అని అడగండి. "ఆయ్, నిన్న నాలుగు వేలు వచ్చిందండి" అంటారు. లేదంటే "ఈ వారం కాస్త దెబ్బ తగిలిందండి" అంటారు. అది నిన్నటి సంగతి, ఈ వారం సంగతి. ఆర్నెల్ల కిందటికీ ఇప్పటికీ మీకు పని ఎంత వచ్చిందన్నదానికి అందులో జవాబు లేదు.

రొయ్యల చెరువున్న మనిషి గట్టు మీద నిలబడి నీళ్ళు చూసి "బాగా పెరిగింది" అనడు. విసురువల వేయిస్తాడు. పడిన రొయ్యను తూకం వేసి కౌంట్, అంటే కేజీకి ఎన్ని తూగుతున్నాయో చూస్తాడు. మేత ఎన్ని కేజీలు పడింది, రొయ్య ఎన్ని కేజీలు పెరిగింది అని ఎఫ్‌సీఆర్ కడతాడు. అంత లెక్క తెలిసిన మనవాళ్ళు ట్రేడింగ్ దగ్గరకి వచ్చేసరికి ఫోన్లో ఆకుపచ్చ అంకె కనబడితే చాలనుకోవడం చూస్తే నాకు బాధేస్తుంది.

ఇది చిన్న విషయం కాదు. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్ళలో ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్స్ అనే కాంట్రాక్టుల్లో) ట్రేడ్ చేసిన కోటిమందికి పైగా వ్యక్తుల లెక్కలు తీసి, వాళ్ళలో 93 శాతం మంది నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో చెప్పింది. సగటు నష్టం మనిషికి సుమారు 2 లక్షలు. ఖర్చులు పోగా లక్షకు మించి మిగుల్చుకున్నవాళ్ళు 1 శాతమే. షేర్లలో ఇంట్రాడే (ఏ రోజు కొన్నవి ఆ రోజే అమ్మడం) చేసేవాళ్ళలోనూ 2022-23లో 10 మందిలో 7గురు పోగొట్టుకున్నారు. నన్ను వీటన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టేది ఇంకోటుంది. ఎఫ్ అండ్ ఓలో వరుసగా రెండేళ్ళు నష్టపోయినవాళ్ళలో నూటికి 75 మందికి పైగా ఆ తర్వాత కూడా ఆపలేదు. తాము ఎక్కడున్నామో తెలిసి వాళ్ళంతా కొనసాగారని నేను అనుకోను.

మీరెక్కడున్నారో మీకు తెలియాలంటే ఈ వరసలో చేయండి.

మొదటి పని: నేర్చుకునే డబ్బును విడదీయడం

ఇందులో పెద్ద చర్చ లేదు. పోయినా ఇల్లు కదలని మొత్తం ఒకటి అనుకోండి, దాన్ని విడి బ్యాంకు ఖాతాలో వేయండి, ట్రేడింగ్ ఖాతాకి అక్కడినుంచే పంపండి. బంగారం తాకట్టు పెట్టి తెచ్చినది, చెరువు పట్టుబడి డబ్బుల్లో మేత కొట్టుకి కట్టాల్సినది, లీజుకి కట్టాల్సినది ఇందులోకి రాకూడదు. అప్పు సొమ్ముతో చేసే ట్రేడ్‌లో మీ నిర్ణయం ఎంతో, వడ్డీ భయం ఎంతో విడదీయలేరు. అప్పుడు కొలవడానికి ఏమీ మిగలదు.

రెండో పని: రూల్స్ ఒక్క పేజీలో రాయడం

ఎప్పుడు కొంటారు, ఎప్పుడు కొనరు, స్టాప్‌లాస్ (నష్టం ఇక చాలని బయటపడే ధర) ఎక్కడ, టార్గెట్ (లాభం తీసుకునే ధర) ఎక్కడ, ఒక్క ట్రేడ్‌లో గరిష్ఠంగా ఎంత పోవచ్చు, రోజుకి ఎన్ని నష్టాల తర్వాత ఫోన్ పక్కన పెట్టేస్తారు. ఇంతే. చేత్తో రాయండి, తేదీ వేయండి. "ట్రెండ్ బాగుంటే కొంటాను" అన్నది రూల్ కాదు. "నిన్నటి గరిష్ఠ ధర పైన 15 నిమిషాల క్యాండిల్ ముగిస్తే కొంటాను" అన్నది రూల్. (క్యాండిల్ అంటే అంతసేపట్లో ధర ఎలా కదిలిందో చార్టులో చూపే నిలువు పట్టీ.) మీరు రాసింది మీ తమ్ముడు చదివి, అదే చార్టు చూసి, కొనాలా వద్దా అనేది మీలాగే చెప్పగలగాలి. చెప్పలేకపోతే రూల్ ఇంకా తయారవ్వలేదన్నమాట.

ఒకసారి రాశాక కనీసం 50 ట్రేడ్లు పూర్తయ్యేదాకా మార్చకండి. వారానికో ఇండికేటర్ మార్చేవాళ్ళు ఏ పద్ధతినీ పరీక్షించినట్టు కాదు.

మన ప్రాంతం వాళ్ళు అదనంగా ఒక రూల్ రాసుకోవాలి. 2025 అక్టోబరు 28న మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ఆ రోజు మంగళవారం, నిఫ్టీ (50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ) కాంట్రాక్టుల నెలవారీ ఎక్స్‌పైరీ, అంటే వాటి గడువు తీరే రోజు. తుపాను రోజు కరెంటు ఎప్పుడు పోతుందో, సిగ్నల్ ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు. అలాంటి రోజు పొజిషన్ (ఇంకా ముగించని ట్రేడ్) తెరిచి ఉంచాలా, స్టాప్‌లాస్ ఆర్డర్ ముందే సిస్టంలో పెట్టారా, బ్రోకర్‌కి ఫోన్ చేసి అమ్మించే నంబరు కాగితం మీద ఉందా? ఇవి ముందే తేల్చుకోవాలి. హెచ్చరిక ఉన్న రోజున ట్రేడ్ మానేయడాన్ని నేనైతే రూల్‌గానే రాసుకోమంటాను.

మూడో పని: నోట్‌బుక్

ఇక్కడే అసలు పనంతా ఉంది, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. ఎక్సెల్ అయినా సరే, బడి పిల్లల లాంగ్ నోట్‌బుక్ అయినా సరే. ఒక్కటే షరతు: సగం వివరాలు ట్రేడ్ పెట్టకముందే రాయాలి. అయిపోయాక రాస్తే మనసు కారణాలను కూడా లాభనష్టాలకు తగ్గట్టు మార్చేస్తుంది.

పాలకొల్లులో నాకు తెలిసిన ఒక కుర్రాడి నోట్‌బుక్‌లో ఒక పేజీ ఇలా ఉంది. డిగ్రీ అయ్యాక నాన్న కొట్టు చూసుకుంటూ నేర్చుకుంటున్నాడు.

ముందు రాసింది: "9:46. 412 దగ్గర 100 షేర్లు. కారణం: నిన్నటి హై 410 పైన క్యాండిల్ ముగిసింది. స్టాప్‌లాస్ 406. టార్గెట్ 424. పోతే 600, వస్తే 1,200."

తర్వాత రాసింది: "10:05కి 415 దగ్గర అమ్మేశాను. వచ్చింది 300. ఖర్చులు సుమారు 44. చేతికి 256. ఎందుకు అమ్మాను: నిన్న పోయింది గుర్తొచ్చి టెన్షన్. రూల్ ప్రకారం అమ్మలేదు. మధ్యాహ్నం 424 తాకింది."

ఆ రోజు యాప్‌లో ఆకుపచ్చే. నోట్‌బుక్‌లో మాత్రం ఆ ట్రేడ్‌కి ఎర్ర ఇంకుతో ఇంటూ పెట్టాడు. అది చూశాక ఈ అబ్బాయికి పని వస్తుందనిపించింది. "బాబాయ్, లాభం వచ్చినా ఇంటూ ఏంటని అమ్మ అడిగిందండి" అన్నాడు. వాళ్ళమ్మగారు అడిగింది మంచి ప్రశ్న. జవాబు తర్వాతి పనిలో ఉంది.

టిప్ చూసి పెట్టిన ట్రేడ్లను విడి పేజీలో రాయండి. టెలిగ్రామ్ గ్రూపులో ఎవరో చెబితే కొన్నదానిలో లాభమొచ్చినా అది మీ ఎదుగుదల కాదు, నష్టమొచ్చినా మీ పద్ధతి తప్పు కాదు. సలహా ఇచ్చే మనిషికి సెబీ రిజిస్ట్రేషన్ ఉందో లేదో సెబీ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్ అయితే నంబరు ఐఎన్‌ఏ అని, రీసెర్చ్ ఎనలిస్ట్ అయితే ఐఎన్‌హెచ్ అని మొదలవుతుంది. ఆ నంబరు చూపించలేనివాడి మాట మీద ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు.

నాలుగో పని: నిర్ణయాన్నీ ఫలితాన్నీ విడివిడిగా చూడడం

ప్రతి ట్రేడ్‌కీ రెండు గుర్తులు పెట్టాలి. రూల్ పాటించానా లేదా అన్నది ఒకటి, డబ్బు వచ్చిందా పోయిందా అన్నది రెండోది. రూల్ పాటించి నష్టపోతే దానిలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఏ పద్ధతికైనా నష్టాలుంటాయి, స్టాప్‌లాస్ తగిలి బయటికొచ్చారంటే అనుకున్న పని అనుకున్నట్టు చేశారన్నమాట. రూల్ తప్పి నష్టపోతే బాధపడి నేర్చుకుంటారు, దానికీ ఉపయోగం ఉంది.

ప్రమాదమంతా రూల్ తప్పి లాభం వచ్చినప్పుడే. స్టాప్‌లాస్ తీసేశారు, ధర ఇంకా పడింది, గుండె చిక్కబట్టుకుని కూర్చున్నారు, చివరికి పైకొచ్చి లాభంతో బయటపడ్డారు. ఆ రోజు మీకు అలవాటైంది ఏమిటి? స్టాప్‌లాస్ తీసేయడం. నాలుగుసార్లు అది పనిచేస్తుంది. ఐదోసారి నాలుగుసార్లు వచ్చినదాన్నీ దానిమీద ఇంకొంతనీ పట్టుకుపోతుంది. 2024 జూన్ 4న ఎన్నికల ఫలితాల రోజు ఒక్క రోజులోనే నిఫ్టీ 6 శాతం దగ్గరగా పడింది. ముందురోజు 3 శాతానికి పైగా పెరగడం చూసి స్టాప్‌లాస్ లేకుండా కూర్చున్నవాళ్ళకి అంతకుముందు ఎన్నిసార్లు కలిసొచ్చిందన్నది ఆ రోజు పనికిరాలేదు.

కాబట్టి మొదటి ఆరు నెలల్లో మీరు చూడాల్సిన మొదటి అంకె లాభం కాదు. 50 ట్రేడ్లలో ఎన్ని రూల్ ప్రకారం చేశారన్నదే. మొదటి 50లో 30 ఉండి, తర్వాతి 50లో 42 అయితే, డబ్బు కొంచెం పోయినా సరే, మీరు ముందుకి వెళ్తున్నారు. 30 కాస్తా 25 అయితే లాభం వచ్చినా వెనక్కి వెళ్తున్నారు.

ఇంకో లెక్క కూడా తీయండి. రూల్ పాటించిన ట్రేడ్లన్నీ కలిపితే ఎంత వచ్చింది, రూల్ తప్పినవన్నీ కలిపితే ఎంత అని. మొదటిది లాభంలో ఉండి రెండోది నష్టంలో ఉంటే పద్ధతి బాగానే ఉంది, తప్పు మీ చేతిలో ఉంది. రూల్ పాటించినవీ నష్టంలోనే ఉంటే పద్ధతినే మార్చాలి. ఈ రెండు జబ్బులకీ మందులు వేరు. ఏది ఉందో తెలియకుండా కొత్త కోర్సుకి డబ్బు కట్టేవాళ్ళను చాలామందిని చూస్తున్నాం.

ఐదో పని: ఖర్చులు తీసి చూడడం

యాప్‌లో కనబడే పీ అండ్ ఎల్‌లో (లాభనష్టాల లెక్కలో) చాలాసార్లు ఖర్చులు కలవవు. బ్రోకర్ రోజూ మెయిల్‌కి పంపే కాంట్రాక్ట్ నోట్ తెరవండి. అడుగున బ్రోకరేజీ, ఎస్‌టీటీ (లావాదేవీ మీద పన్ను), ఎక్స్ఛేంజి ఛార్జీ, జీఎస్టీ, స్టాంపు డ్యూటీ అన్నీ వరుసగా ఉంటాయి. ఇంట్రాడేలో 50,000 రూపాయల షేర్లు కొని దాదాపు అదే ధరకి అమ్మితే, 0.03 శాతం బ్రోకరేజీ తీసుకునే దగ్గర మొత్తం ఖర్చు 50 రూపాయలు దాటుతుంది. ఒక్కసారికి చిన్నదే. రోజుకి ఆరు ట్రేడ్లు, నెలకి ఇరవై రోజులు అనుకోండి, 6,000 రూపాయలవుతుంది. పెట్టుబడి లక్ష అయితే నెలకి 6 శాతం ఖర్చుకే పోయినట్టు. సెబీ లెక్కలో 2023-24లో ఎఫ్ అండ్ ఓ చేసిన ఒక్కో వ్యక్తి సగటున 26,000 రూపాయలు ఖర్చులకే కట్టారు.

నెలాఖరున మీ లెక్కని బ్రోకర్ లెడ్జర్‌తో (మీ ఖాతా జమాఖర్చుల పట్టీతో) సరిచూసుకోండి. బ్యాంకు నుంచి ఎంత పంపారు, వెనక్కి ఎంత తెచ్చారు, ఇప్పుడు ఖాతాలో ఎంత ఉంది. ఈ మూడు అంకెలు అబద్ధం చెప్పవు. స్క్రీన్‌షాట్లు చెబుతాయి.

ఆరో పని: సగటు చూడడం

"నా అక్యురసీ 70 శాతం అండి" అన్న మాట ఎక్కువ వినిపిస్తుంది. ఒక్క అక్యురసీతో ఏమీ తెలియదు. 40 ట్రేడ్లు చేశారు, 28 గెలిచారు, ఒక్కోదానిలో సగటున 400 వచ్చింది: మొత్తం 11,200. 12 ఓడారు, ఒక్కోదానిలో 1,100 పోయింది: మొత్తం 13,200. పదిలో ఏడు గెలిచినా 2,000 నష్టం. ట్రేడ్‌కి 50 చొప్పున ఖర్చులు కలిపితే 4,000.

ఇంకొకరు 40లో 16 మాత్రమే గెలిచారు. గెలిచినప్పుడు సగటున 1,500, ఓడినప్పుడు 800. వచ్చింది 24,000, పోయింది 19,200, మిగిలింది 4,800. ట్రేడ్‌కి 120. ఖర్చు 50 తీస్తే 70. పదిలో ఆరుసార్లు ఓడుతున్న ఈయనే లాభంలో ఉన్నారు.

మీరు చూడాల్సింది ఈ చివరి అంకె, అంటే ఖర్చులు పోగా ట్రేడ్‌కి సగటున ఎంత మిగులుతోందన్నది. దాన్ని మీరు పెట్టిన రిస్క్‌తో, అంటే స్టాప్‌లాస్ తగిలితే పోయే మొత్తంతో భాగించండి. ట్రేడ్‌కి 600 రిస్క్ పెట్టి సగటున 60 మిగిలితే 0.1. ఇలా రాసుకుంటే లక్షతో చేసినప్పుడూ ఐదు లక్షలతో చేసినప్పుడూ ఒకే కొలతతో పోల్చుకోవచ్చు, క్వాంటిటీ పెంచినందువల్ల పెరిగిన లాభాన్ని నైపుణ్యం అనుకునే పొరపాటు జరగదు.

ఏడో పని: సరిపడా ట్రేడ్లు అయ్యేదాకా తీర్పు చెప్పకుండా ఉండడం

ఒక రూపాయి బిళ్ళ తీసుకుని 20 సార్లు ఎగరేసి బొమ్మా బొరుసూ రాయండి. 13 బొమ్మలు పడినా వింతేమీ లేదు. అంటే అసలు పస లేని పద్ధతికి కూడా 20 ట్రేడ్లలో 65 శాతం గెలుపు కనబడవచ్చు. 100 సార్లు ఎగరేస్తే బొమ్మలు దాదాపు ఎప్పుడూ 40కీ 60కీ మధ్యే ఉంటాయి. 20 ట్రేడ్ల మీద తీర్పు చెప్పకూడదు అనేది ఇందుకే. 100 దాటాకే ఒక మాట అనొచ్చు, అదీ జాగ్రత్తగా.

రెండోది, ఓటముల వరస. సగం సగం గెలిచే పద్ధతిలో 100 ట్రేడ్లు చేస్తే ఎక్కడో ఒకచోట వరుసగా ఐదు నష్టాలు వచ్చే అవకాశమే ఎక్కువ. అది వచ్చినప్పుడు "నా పద్ధతి చచ్చిపోయింది" అనుకుని మార్చేయకుండా ఉండాలంటే, వస్తుందని ముందే తెలిసి ఉండాలి. ఐదు వరుస నష్టాలకి మీ పెట్టుబడిలో 20 శాతం పోయేలా ఉంటే సైజు ఎక్కువైంది. 20 శాతం పోతే తిరిగి సమానమవ్వడానికి 25 శాతం సంపాదించాలి. సగం పోతే రెట్టింపు చేయాలి. నోట్‌బుక్‌లో ప్రతి నెలా గరిష్ఠ స్థాయి నుంచి ఎంత కిందకి దిగారో ఆ శాతం తప్పకుండా రాయండి. ఆ అంకె చిన్నదవుతూ వస్తుంటే అది నిజమైన ఎదుగుదల.

ఎనిమిదో పని: మార్కెట్ వాటా ఎంత, మీ వాటా ఎంత

2020 మార్చి 23న నిఫ్టీ 7,610 దగ్గర ముగిసింది. 2021 అక్టోబరుకి 18,000 దాటింది. ఆ ఏడాదిన్నరలో ఏది కొన్నా పెరిగింది, కొన్న ప్రతివాళ్ళకీ పని వచ్చినట్టే అనిపించింది. మీ లాభం పక్కన, అదే డబ్బు అదే రోజుల్లో నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో (నిఫ్టీలోని షేర్లనే కొని ఉంచే ఫండ్‌లో) ఉంటే ఎంతయ్యేదో రాయండి. ఇంకో గడిలో ఎఫ్‌డీ వడ్డీ రాయండి. 2 లక్షలకి 6.5 శాతం అనుకుంటే ఏడాదికి 13,000, రోజంతా స్క్రీన్ ముందు కూర్చోకుండానే వస్తుంది. ఏడాది పొడవునా కష్టపడి 11,000 తెచ్చుకుంటే దాన్ని లాభం అనొచ్చు గానీ పని వచ్చిందనలేం.

గోదావరి జిల్లాల్లో ఇంకో తికమక ఉంది. రొయ్యల గురించి మనకి తెలుసు కాబట్టి అవంతీ ఫీడ్స్, కాకినాడ ఎపెక్స్ ఫ్రోజెన్ ఫుడ్స్ లాంటి షేర్లు మన చేతిలో ఉన్నట్టే అనిపిస్తాయి. 2025లో అమెరికా మన సరుకు మీద సుంకాలు పెంచుతామన్నప్పుడు ఆ రంగం షేర్లు పడ్డాయి, ఆగస్టు ఆఖరికి సుంకం 50 శాతానికి చేరింది. చెరువులో పంట ఎంత బాగున్నా వాషింగ్టన్ నుంచి వచ్చే మాట ముందు మన తెలివి పనిచేయలేదు. అలాంటి షేరులో వచ్చిన లాభం మీ అంచనా వల్లా, వార్త వల్లా అన్నది "కారణం" గడిలో ముందు రాసిన వాక్యమే చెబుతుంది.

తొమ్మిదో పని: శనివారం గంట

మార్కెట్ నడిచేటప్పుడు సమీక్ష పెట్టుకోవద్దు. శనివారం పొద్దున్న ఒక గంట చాలు. వారంలో రూల్ తప్పిన ట్రేడ్లు మాత్రమే చదవండి. ఏ సమయంలో తప్పారు, ఏ రోజు తప్పారు, అంతకుముందు ఏం జరిగింది చూడండి. మంగళవారం నిఫ్టీ ఎక్స్‌పైరీ, గురువారం సెన్సెక్స్ ఎక్స్‌పైరీ రోజుల్లో మధ్యాహ్నం తర్వాతే తప్పులన్నీ ఉన్నాయని తేలితే వచ్చే వారం మందు ఏమిటో మీకే తెలుస్తుంది. ఒక్క వారానికి ఒక్క తప్పే దిద్దుకోండి. నెలకోసారి మొత్తం లెక్క ఇంట్లో ఇంకొకరికి చూపించండి. భార్య కావచ్చు, నాన్నగారు కావచ్చు. వాళ్ళకి క్యాండిల్స్ తెలియక్కర్లేదు, లెడ్జర్‌లో మూడు అంకెలు అర్థమైతే చాలు. ఆ లెక్క చూపించడానికి మీకు మొహమాటంగా ఉందంటే దాన్ని కూడా ఒక కొలతగా తీసుకోండి.

పదో పని: పెంచడం ఎప్పుడు, ఆపడం ఎప్పుడు

పేపర్ ట్రేడింగ్‌లో (డబ్బు పెట్టకుండా కాగితం మీదే చేసి చూడడంలో) 50 ట్రేడ్లు చేసి, వాటిలో 40కి పైగా రూల్ ప్రకారం ఉంటే చిన్న క్వాంటిటీతో షేర్లలోకి రండి. అసలు డబ్బుతో 100 ట్రేడ్లయ్యాక ఖర్చులు పోగా సగటు సున్నా పైన ఉండి, రూల్ పాటించడం నూటికి 85 దాటి, దిగుదల మీరు ముందు రాసుకున్న హద్దులో ఉంటే క్వాంటిటీ ఒక మెట్టు పెంచండి, రెట్టింపు చేయొద్దు. ఆప్షన్ల దగ్గరకి తొందర వద్దు. 2024 నవంబరు నుంచి ఇండెక్స్ కాంట్రాక్ట్ కనీస విలువను సెబీ 15 లక్షలకి పెంచింది. నేర్చుకునేవాళ్ళు చిన్నగా మొదలుపెట్టడానికి అక్కడ చోటు తక్కువ.

ఆపే గీత కూడా ఇప్పుడే, మనసు ప్రశాంతంగా ఉన్నప్పుడే రాయండి. మొదట విడదీసిన డబ్బులో మూడోవంతు పోతే మూడు నెలలు ఆపేస్తాను, 200 ట్రేడ్ల తర్వాత కూడా రూల్ పాటించినవాటి సగటు సున్నా కిందే ఉంటే ట్రేడింగ్ మానేసి ఇండెక్స్ ఫండ్‌లో సిప్ (నెలనెలా కొంత మదుపు) పెట్టుకుంటాను అని. అలా మానేసినవాళ్ళు ఓడిపోయారని నేను ఒప్పుకోను. లెక్క చూసి తీసుకున్న నిర్ణయం అది.

ఏడాది చివర ఒక పని మిగులుతుంది. బ్రోకర్ సైట్ నుంచి ట్యాక్స్ పీ అండ్ ఎల్ దించుకుని మీ ఆడిటర్ గారికి ఇవ్వండి. నష్టమే వచ్చింది కదా అని రిటర్ను మానేయొద్దు. ఇంట్రాడే నష్టం స్పెక్యులేటివ్ కింద నాలుగేళ్ళు, ఎఫ్ అండ్ ఓ నష్టం ఎనిమిదేళ్ళు ముందుకి తీసుకెళ్ళవచ్చు, గడువులోపు రిటర్ను వేస్తేనే. ఆ నష్టాల అంకెకీ మీ నోట్‌బుక్‌లో మొత్తానికీ తేడా వస్తే ఏ నెల దగ్గర తప్పిందో వెతికి దిద్దుకున్నాకే కొత్త ఏడాది పేజీ మొదలుపెట్టండి.